రెప్ప వేయనివాడి పెళ్లాం

నా భార్య నలియాకాకు పొట్ట కోసి కుట్టారు. నొప్పి మాత్ర మింగి గట్టిగా దగ్గితేనే ఊపిరితిత్తులకు నెమ్ము పట్టదని, లేకపోతే బతకదని నర్సు చెప్పింది. ఆమె మింగదు. పళ్లు బిగించి, పైపైనే ఊపిరి తీసుకుంటూ పడుకుంది. కుర్రాణ్ణి మగాడిగా లెక్కగట్టే సున్తీ రోజున ఊరంతా చూస్తుండగా కత్తి ముందు రెప్ప వేయకుండా నిలబడ్డవాణ్ణి నేను. అలాంటివాడి పెళ్లాం నొప్పికి మందడిగితే మా బుకుసు తెగవాళ్లు నవ్వుతారట.

బతిమాలాను, తిట్టాను. వినలేదు. చివరికి పక్క గదిలో నా కాలి కురుపు కోయించుకుంటూ, ఆమెకు వినబడాలనే గొంతు చించుకున్నాను.

"అమ్మో, చచ్చాను! మాత్ర ఇవ్వు తల్లీ!"

అక్కడున్న మగాళ్లు పగలబడి నవ్వారు. "ఏం తాతా, కురుపుకే ఇంత గోలా? సున్తీకి నీ బదులు మీ తమ్ముణ్ణి నిలబెట్టావా ఏంటి?"

ఆ మాట పడ్డాను. నేనే అడిగాక ఇక ఆమెకు సిగ్గెందుకని గోడకు చెవి పెట్టాను.

నలియాకా గొంతు సన్నగా వినిపించింది. "సిస్టరమ్మా, మా ముసలాయన తట్టుకోలేకపోతున్నాడు. నా వంతు మాత్రలు కూడా ఆయనకే ఇచ్చెయ్యమ్మా."