ఒక్క సున్నా

ఈ నెల పట్టికలోనూ అతనిదే మొదటి స్థానం. ఖర్చులో.

యజమాని ఆ కాగితాన్ని గోడకు అంటించి, అతని వైపు చూడకుండానే అన్నాడు. “గురువుగారూ, ఒక్కో బొమ్మకు ఇంతవుతుంటే మనం దుకాణం కట్టేసుకోవాల్సిందే. పొదుపమ్మ ఎలా చేస్తోందో ఒకసారి అడిగి చూడండి.”

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

కట్టబోయే ఇళ్లు, హోటళ్లు పూర్తయితే ఎలా ఉంటాయో ముందే బొమ్మలు చేసి చూపించే ఆఫీసు అది. బొమ్మను కంప్యూటర్లో కూర్చడం ఒక ఎత్తు. వెలుగునీడలు లెక్కగట్టి దాన్ని అచ్చం ఫొటోలా తేల్చడం మరో ఎత్తు. ఆ రెండో పనికి ఆఫీసు కంప్యూటర్లు చాలవు. ఇంటర్నెట్‌లో రెండర్ ఫారమ్‌కు పంపాలి. ఎక్కడో ఉన్న వందల కంప్యూటర్లు కలిసి ఆ పని చేసిపెడతాయి. చేస్తున్నంతసేపూ టాక్సీలో లాగా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

పంతొమ్మిదేళ్లుగా అక్కడ పెద్ద ఆర్టిస్టు అతనే. అందరూ గురువుగారనే పిలుస్తారు. పొదుపమ్మ వచ్చి ఏడు నెలలు. ఆ పేరు పెట్టింది యజమానే, మురిపెంగా.

ఆ పేరు విన్నప్పుడల్లా అతనికి కడుపు రగిలిపోయేది. ఎవరిని తిట్టుకోవాలి? ఆమె దరఖాస్తు తెచ్చి యజమాని బల్ల మీద పెట్టింది తనే. “తెలిసినవాళ్లమ్మాయి, పని బాగా వచ్చు” అని చెప్పింది తనే. ఈ విద్య ఆమెకు చేయి పట్టి నేర్పిందీ తనే.

పోనీ, ఆమె చేసేది బ్రహ్మవిద్యా? ముందు పావు సైజులో పంపి తప్పులు చూసుకుంటుంది. సోఫా రంగు మార్చమని ఎవరైనా అడిగితే అతను బొమ్మంతా మళ్లీ పంపేవాడు. ఆమె సోఫా ఉన్నంత మేర ముక్కే పంపి, పాత బొమ్మలో అతికించేది. తొందర లేని పనిని, ఆలస్యమైనా తక్కువ రేటు పడే చవక వరసలో పెట్టేది. అంతే.

అడగడానికి నోరు రాలేదు. మంచినీళ్లకని లేచి, ఆమె వెనకగా నడుస్తూ తెర మీదికి దొంగచూపులు చూశాడు. ఒకసారి అలాగే చేయబోయాడు. అతుకు కనిపించింది. బొమ్మంతా మళ్లీ పంపాల్సొచ్చింది. ఖర్చు రెండింతలయింది.

మధ్యాహ్నాలు మరీ కష్టం. “సార్, మాత్ర వేసుకున్నారా?” అని అందరి ముందూ అడిగేది. తనను ముసలివాణ్ని చేసి చూపిస్తోందని ఒళ్లు మండేది.

“నా మాత్రల సంగతి నీకెందుకు? నీ పని చూసుకో.”

ఆమె తల వంచుకుని వెళ్లిపోయేది. అప్పుడు కూడా అందరి జాలీ ఆమెకే దక్కేది.

ఇంతలో పెద్ద హోటల్ పని వచ్చింది. నలభై బొమ్మలు. అలాంటివి వస్తే ఎవరికని ఇన్నేళ్లలో ఎవరూ అడిగి ఎరగరు. ఈసారి యజమాని గొంతు సవరించుకున్నాడు.

“ఇది పొదుపమ్మకిద్దామనుకుంటున్నా. మీరు పక్కనుండి కాస్త చూసుకోండి.”

పక్కనుండి. ఆ మాట అన్నంలో రాయిలా పంటికింద పడింది. అయినా నవ్వి, “మంచిదేగా,” అన్నాడు.

మర్నాడు ఒంటిగంటకు అందరూ భోజనానికి కిందికి దిగారు. ఆమె గుమ్మంలో ఆగింది.

“మీరు రారా సార్?”

“ఆకలి లేదు.”

అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా కూర్చుని, లేచి ఆమె కుర్చీలోకి మారాడు. తెర మీద హోటల్ మొదటి బొమ్మ పంపడానికి సిద్ధంగా ఉంది. బొమ్మ ఎంత నున్నగా రావాలో చెప్పే గడిలో నాలుగు వందలని ఉంది. దాని పక్కన ఇంకో సున్నా నొక్కాడు. చవక వరస తీసేసి ‘అత్యవసరం’ పెట్టాడు. ఖర్చు చాలా అవుతుందని హెచ్చరిక వచ్చింది. వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ‘సరే’ నొక్కింది.

అందరూ తిరిగొచ్చేసరికి బొమ్మ అయిపోయింది. మూడు నెలలకని ఫారమ్‌కు ముందే కట్టిన డబ్బూ అయిపోయింది.

యజమాని కేకలు పక్క ఆఫీసుకు కూడా వినిపించాయి. “నలభై బొమ్మల డబ్బు ఒక్కదానికే తగలేశావా! నిన్నా నేను నెత్తిన పెట్టుకుంది?”

ఆమె తెర వైపే చూస్తూ ఉండిపోయింది. పంపిన సమయం అక్కడే ఉంది. ఒంటిగంట ఇరవై. ఒకసారి తలెత్తి గురువుగారి వైపు చూసింది. అతను కీబోర్డు మీద దుమ్ము తుడుస్తున్నాడు.

“నాదే పొరపాటండీ,” అంది చివరికి. “కిందికెళ్లే తొందరలో సున్నా ఒకటి ఎక్కువ పడింది. నా జీతంలో పట్టుకోండి.”

సాయంత్రానికి హోటల్ పని అతని చేతికొచ్చింది. “ఎంతైనా అనుభవం అనుభవమే గురువుగారూ,” అని యజమాని భుజం తట్టాడు. ఏడు నెలలుగా ఆ మాట కోసమే మొహం వాచిపోయాడు. తీరా వింటే, చేదు మాత్ర మింగినట్టుంది.

ఆరింటికి లిఫ్టులో ఇద్దరే మిగిలారు. అతను తలెత్తి, దిగుతున్న అంతస్తుల అంకెలే చూస్తూ నిలబడ్డాడు. ఆమె అతని చేతిలోని సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకుంది.

“ఆ సున్నా చేర్చింది నువ్వేనని అమ్మకి మాత్రం చెప్పకు నాన్నా.”