బుధవారం గొంతు

టెంటు ముందు ఆటో ఆగింది.

గుడ్డసంచి పట్టుకుని ఒక సన్నటి మనిషి దిగింది.

"నవతవు నువ్వేనా బిడ్డా?"

నవత చేతిలో జగ్గు ఒలికింది. మనిషిని ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం కొత్త కాదు.

ఏడు నెలలుగా ప్రతి బుధవారం పొద్దున ఏడింటికి ఫోన్లో వినిపించిన గొంతు అది.

"పద్మలత మేడం," అంది నవత.

"మేడం ఎందుకు, అక్కా అను. ఇయ్యాల మీ అవ్వ పదకొండో దినమని తెలిసి మంచిర్యాల నుంచి వచ్చిన."

నవత ఈ మనిషిని తిట్టాలనుకున్న మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంది. మనిషే నడిచి వస్తుందని అనుకోలేదు.

నవత అవ్వకు, అంటే తల్లి కోమలకు, అపెండిక్స్‌లో క్యాన్సర్ వచ్చింది. లక్షల మందిలో ఏ ఒక్కరికో వస్తుందని హైదరాబాద్ డాక్టర్లు చెప్పారు. కడుపు కోసి గడ్డలు తీశారు. ఒక కొత్త మందును వేడి చేసి కడుపులో పోసి కడిగారు. ఆ మందు మీద ఇంకా పరిశోధన నడుస్తోంది. దాన్ని పోయించుకున్నవాళ్లలో కోమల పద్నాలుగో నంబరు.

ఇంటికి వచ్చాక, ఆసుపత్రి తరఫున ఈ గొంతు మొదలైంది.

"కోమలక్కా, ఏం తిన్నవు? వాంతి అయిందా? కడుపు ఉబ్బిందా?"

నవత అన్నీ రాసి పెట్టుకుని చెప్పేది.

చివరి నెలలో కోమల ఒక్కటే అడిగింది.

"జర బోటి కూర తింటనని చెప్పవే. ఒక్క ముద్ద."

మేకపేగుల కూరంటే ఆమెకు ప్రాణం.

"బోటి మాత్రం ముట్టకక్కా. నా మాట ఇను," అంది గొంతు.

కోమల విన్నది. ఆ ముద్ద తినకుండానే పోయింది.

అందుకే ఈరోజు ఆమె పేరు మీద బోటి వండారు.

బంతిలో అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. నవత నానమ్మ రామవ్వ నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"నా కోడలి పేరు మీద పెడుతున్న బువ్వ. ఇస్తార్ల ఒక్క మెతుకు ఇడిచినా దానికి ఆకలి తీరదు. రాంచందరూ, నీకే చెప్తున్న! పోయినేడు ఇంకో దినానికి సగం ఇడిచినవు."

"గప్పుడు కూరల ఉప్పు లేకుండె పెద్దమ్మా!"

కొందరు నవ్వారు. పద్మలత బంతి చివర కూర్చుంది.

"ఆమెకు నేను వడ్డిస్త," అంది నవత.

లోపలికి వెళ్లి, చిన్న గిన్నెలోకి బోటి తీసింది. పిడికెడు కారం వేసింది. ఆగింది. ఇంకో పిడికెడు వేసి కలిపింది.

"కూర వద్దు బిడ్డా. జర పెరుగన్నం పెట్టు, చాలు," అంది పద్మలత.

నవత గిన్నె మొత్తం అన్నం మీద వంచింది.

"మా అవ్వకు వద్దన్నరు. మీకు కూడ వద్దా మేడం?"

పద్మలత చేయి ఆగిపోయింది.

"మా అవ్వ మీద మందు పరీక్ష చేసిన్రు. గా మందు ఎన్నడన్న మీ కడుపుల పోయించుకున్నరా?"

పక్కవాళ్లు తలలు తిప్పారు.

"ఏయ్ నవతా! నోరు ముయ్యి!" తండ్రి సదానందం అవతలి నుంచి అరిచాడు.

"ఏమనకు అన్నా. తల్లి పోయిన పిల్ల," అంది పద్మలత.

తర్వాత రామవ్వ వైపు చూసింది. విస్తరి వైపు చూసింది. ముద్ద కలిపింది.

మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని రెండో ముద్ద తీసుకుంది.

నవత కదల్లేదు. పదకొండు రోజుల్లో మొదటిసారి ఆమె గుండెకు చల్లగా అనిపించింది.

"మంచిగున్నదా మేడం?"

"మస్తున్నది బిడ్డా. కొన్ని నీళ్లియ్యి."

నవత నీళ్లు ఇవ్వలేదు. ఇంకో గరిటె బోటి వేసింది.

పద్మలత అది కూడా తిన్నది. విస్తరిలో మెతుకు మిగల్లేదు.

పోయేటప్పుడు నవత దగ్గరకు వచ్చింది. పెదవులు ఉబ్బి ఉన్నాయి.

"మీ అవ్వ చెప్పినయి, నువ్వు రాసినయి, డాక్టర్లు అన్ని చదివిన్రు బిడ్డా. పదిహేనో మనిషికి మందు తక్కువ చేసి పోసిన్రు. ఆమె మంచిగున్నది."

నవత మొహం తిప్పుకుంది.

ఆటో కనిపించకుండా పోయాక నోట్‌బుక్ తెరిచింది. 'బోటి ముట్టద్దు' అని ఒకప్పుడు తాను రాసిన మాట కింద, 'తినిపించిన' అని రాసి రెండు గీతలు గీసింది.

బుధవారం పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది.

గొంతు వేరు.

"నవతనా? నేను సిస్టర్ హర్షిణిని, దవాఖాన నుంచి. పద్మలతక్క మీ ఇంటికి వచ్చింది కదా, ఏం తిన్నదమ్మా?"

"ఎందుకు?"

"పేగుల తిండి ఇరికి బందయ్యి సోమవారం తెచ్చిన్రు. ఇప్పుడే ఆపరేషన్‌కు తీస్కపోయిన్రు. అడిగితే పెరుగన్నమే తిన్న అన్నది. డాక్టర్ నమ్ముతలేడు."

నవత చూపు నోట్‌బుక్ మీద పడింది.

"బోటి," అంది.



"బోటా? ఆమెకున్నది సగం పేగే కదమ్మా!"

"మేడం మీ అసొంటి నర్సే కదా అక్కా? తినద్దని ఆమెకు ఎరుక లేదా?"

"నర్సని ఎవరు చెప్పిన్రు నీకు? గా మందు అందరికంటె ముందుగల కడుపుల పోయించుకున్న ఒకటో నంబరు పేషంటమ్మా ఆమె."