ఎర్ర బటన్ లేని ఫోను

"చస్తే చస్తాను గానీ, ఇంక వాని మొగం చూడను!" అంటూ జయరామప్ప కొత్త ఫోను చేతిలో పట్టుకుని వసారాలో మంచం మీద కూలబడ్డాడు.

ఆ రోజు పొద్దున ఆరింటి నుంచి బోరు నీళ్ళ వంతు ఆయనది. ఏడింటికి వెళ్ళి చూస్తే క్యాప్సికం షెడ్డులో డ్రిప్పు పైపులు ఎండిపోయి ఉన్నాయి. తమ్ముడు శేషప్ప వాల్వు తన వైపు తిప్పుకుని క్యాబేజీ తోటకు నీళ్ళు పెట్టుకున్నాడు. ఈ నెలలో ఇది మూడోసారి.

"దీనికి మెసేజీ రాసేదెందుకు? చేను దాటితే వాళ్ళ ఇల్లు. పోయి అడిగి రారాదా?" అంది భార్య మంజులమ్మ.

"పోను. ఫోన్ కూడా చెయ్యను. వాని గొంతు వినేది నాకొద్దు. నోటితో చెప్తే రేపు, మాయన్న అట్ల అనలేదంటాడు. రాసి పారేస్తా. ఈ పొద్దుతో తెగిపోవల్ల!"

పట్టుదల బాగానే ఉంది. వేళ్ళే మాట వినలేదు. నలభై ఏళ్ళు పార పట్టిన బొటనవేలు అది. ఒక అక్షరం మీద పెడితే చుట్టూ ఉన్న మూడింటిని కప్పేస్తుంది. ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుంది. నొక్కి పట్టుకుంటే ఏదో పెట్టె తెరుచుకుంటుంది. పాత ఫోనులో బటన్ దిగితే వేలికి తెలిసేది. ఇదేమో ఉత్త అద్దం. అద్దం మీద రాయమంటే ఎవడు రాస్తాడు? దీన్ని తయారుచేసినవాడు జన్మలో పార పట్టి ఉండడు.

"థూ! మెల్లగా తాకితే పలకదు, గట్టిగా తాకితే పక్కదానికి పోతుంది!"

"వేలి కొసతో తాకల్లని కోడలు చెప్పింది గదా."

"కొస యాడుండాది నాకు? ఎప్పుడో అరిగిపోయింది!"

పాత ఫోనులో తప్పు పడితే ఎర్ర బటన్ నొక్కేవాడు. రాసిందంతా పోయేది. కొత్తదానికి ఎర్ర బటన్ లేదు. వేలికి బటనులా తగిలేది పక్కన ఒక్కటే ఉంది. అది నొక్కితే తెర నల్లబడుతుంది. రాసిన తప్పు పోకపోయినా, కనబడకుండా పోయినందుకే ఆయనకు కాస్త కోపం చల్లబడేది. మళ్ళీ తెరిచి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ముప్పావు గంట పట్టింది. చొక్కా తడిసిపోయింది. చివరికి రెండు వాక్యాలు నిలబడ్డాయి. భార్యకు వినబడేలా గట్టిగా చదివాడు.

"నీకూ నాకూ తీరిపోయింది. నేను చస్తావున్నా నా గడప తొక్కొద్దు."

"అయ్యో, అది పంపొద్దు! తోడబుట్టినోడు!"

పంపేశాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కోపం తీరలేదు. నా పీనుగ మీద మట్టి కూడా వెయ్యొద్దు అని ఇంకో మాట కలపాలనిపించింది. ఈసారి అద్దం పూర్తిగా మొండికేసింది. పీనుగ రాయబోతే పీట వచ్చింది. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. పక్క బటన్ మీద టకటకా ఐదారుసార్లు కొట్టాడు. ఫోను కుయ్యోమని మొత్తుకుంది. తెర ఎర్రబడింది. పెద్ద పెద్ద అంకెలు ఐదు, నాలుగు, మూడు అని తగ్గుతూ వచ్చాయి.

"నన్నే బెదిరిస్తాండాదే ఇది!" అని దాన్ని మంచం మీద పారేశాడు.

పది నిమిషాలు కాలేదు, చేను గట్టు మీద శేషప్ప పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.

"చూస్తివా, పౌరుషమొచ్చింది! కొట్లాటకు వస్తాండాడు. రానీ!" జయరామప్ప గోడకు ఆనించిన పార అందుకున్నాడు. "రారా! ఈ పొద్దు నువ్వో నేనో!"

శేషప్ప ఆ పారను చూడనే లేదు. కాళ్ళకు చెప్పులు లేవు. ఎగశ్వాసతో వచ్చి అన్న భుజాలు పట్టుకుని, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాడు.

"యాడ నొప్పి? గుండెలోనా? కింద పడితివా? వదినా, నీళ్ళు తేమ్మా! తళి ఆసుపత్రికి పోదాం, ఆటోకు చెప్పినాను."

"నాకేమైందిరా? ఏం నాటకాలు?"

"బాగుండావా? మరి ఇదేంది? నా ప్రాణం పోయినంత పనైంది!" శేషప్ప కోపంగా తన ఫోను చూపించాడు. ఆయన బొటనవేలు కూడా అలాంటిదే, తెరను సగం కప్పేసింది. కింది సగంలో, 'నేను ఆపదలో ఉన్నాను. సాయం కావాలి' అని ఉంది. దాని కింద మ్యాపులో ఈ ఇంటి గుర్తు.

"నేను రాయలేదే ఇది!"

"నువ్వు రాయలా, కొట్టినావు," అంది మంజులమ్మ. "పక్క బటన్ అయిదుసార్లు కొడితే అట్ల పోతుందని ఆదివారం కోడలు చెప్పలా? ఎవరికి పోవల్ల మామా అని అడిగితే, ఇంకెవరుండారు, శేషునికే పెట్టమ్మా అని నువ్వే అంటివి."

జయరామప్ప చేతిలోని పార కిందికి దిగింది. అప్పుడు గుర్తొచ్చింది తాను పంపిన మొదటి మెసేజీ. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. పంపినదాన్ని వెనక్కి లాక్కునే దారి ఆ అద్దంలో ఎక్కడో ఉండే ఉంటుంది. తమ్ముడు చూసేలోగా ఎలాగైనా దాన్ని తీసేయాలి.

"శేషా, నీ ఫోను ఒకసారి ఇట్లియ్యి."

"ఎందుకన్నా?"

"దాంట్లో నేను పంపింది ఇంకొకటుండాది. అది నువ్వు చదవొద్దు."

శేషప్ప గడప మీద కూలబడి, అరికాల్లో దిగిన ముల్లు పీక్కుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"అదే ముందొచ్చిందన్నా. చదివినాను."