బోరెంలో పాఠం

తెల్లవారేసరికి పడమట మబ్బు పట్టింది. కురిసే మబ్బో, పోయే మబ్బో తేలలేదు. కల్లంలో పత్తి తడవకముందే పెద్ద గోనె బోరేల్లోకి తొక్కాలని దానయ్య ఇంటిల్లిపాదీ పనిలో పడ్డారు. అప్పుడే సైన్సు మాస్టారు జానకిరామయ్య వచ్చి, సైకిలు కంచెకి ఆనించి, చేతిసంచీలోంచి రెండు పరీక్ష పేపర్లు తీశాడు.

"దానయ్యా, మీ జయకుమారి కాపీ కొట్టింది."

దానయ్య తలపాగా విప్పాడు. "ఎవర్ని చూసండీ?"

"మీ పక్కింటి ఖైరున్నీసాని. లేకపోతే ఆ పిల్లే ఈ పిల్లని. పీడనానికి ఉదాహరణ రాయమంటే ఇద్దరూ ఒకటే రాశారు. పుస్తకంలో సూది ఉంది, కత్తి ఉంది. అవి కాదు. బోరెంలో రెండు పాదాలూ ఆనించి నిలబడితే పత్తి దిగదట, ఒక్క మడమ మీద బరువేస్తే దిగుతుందట. కిందటి పరీక్షలో ఇద్దరివీ కలిపినా పాస్ మార్కులు లేవు. ఇప్పుడు చెరి అరవై. సోమవారం హెడ్మాస్టారికి చెప్పానంటే ఇద్దర్నీ పబ్లిక్ పరీక్షకి పంపరు."

"పంపకపోతే ఏం చెయ్యాలండీ?"

"ఏముంది, బడి మానేసి మిరపకాయలు కోసుకోవడమే."

కల్లం మధ్యలో వాసాలకి వేలాడదీసిన నిలువెత్తు గోనె బోరెం అటూ ఇటూ కదులుతోంది. లోపల ఎవరో పత్తి తొక్కుతున్నారు. పక్కన బల్ల మీద నిలబడి ఖైరున్నీసా పత్తి అందిస్తోంది. మాస్టారు అటు నడిచాడు.

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారన్నమాట. ఇక్కడే తేలుస్తా."

"లోపలికి రండి మాస్టారూ, మంచం వేస్తాను" అంటూ దానయ్య అడ్డం వచ్చాడు.

"అడ్డం వస్తున్నావంటే ఏదో ఉంది" అని మాస్టారు అతన్ని తప్పించుకుని వెళ్ళాడు. "ఏమ్మా ఖైరున్నీసా, ఎవరు ఎవర్ని చూసి రాశారు?"

"ఎవర్నీ చూళ్ళేదు సార్. బోరెంలో నేర్చుకున్నాం."

"బోరెంలోనా?"

"రాత్రి పాఠం చదివి పుస్తకం మూసేస్తాం సార్. పొద్దున బోరెంలో దిగినవాళ్ళు చూడకుండా చెప్పాలి. పైనున్నవాళ్ళు ఎందుకు, ఎందుకు అని అడుగుతా ఉంటారు. పుస్తకంలో మాటలు అప్పజెబితే ఒప్పుకోం. చెప్పిందాకా చెయ్యివ్వం. చెయ్యివ్వకపోతే పైకి రాలేరు."

పొయ్యి దగ్గర్నుంచి దానయ్య భార్య పున్నమ్మ అందుకుంది. "మొన్న దీన్ని అన్నంవేళ దాటిందాకా లోపలే ఉంచారు మాస్టారూ. ఏందో జడత్వమంట, ఏడుస్తా చెప్పింది."

"ఏడవలేదత్తా, కళ్ళల్లో దూది పడింది" అంది ఖైరున్నీసా.

మాస్టారికి నవ్వు రాలేదు. గోనె మీద అరచేత్తో తట్టాడు. లోపల తొక్కుడు ఆగింది.

"జయకుమారీ, పరీక్షలో లేని ప్రశ్న అడుగుతున్నా. చెబితే కాపీ లేదని ఒప్పుకుంటా. చలికి గొంగళి కప్పుకుంటాం. ఆ వెచ్చదనం గొంగళిదా?"

దానయ్య మబ్బు వంక చూశాడు.

"చెప్పవే" అంది ఖైరున్నీసా బోరెంలోకి వంగి. "చెప్పకపోతే సాయంత్రం దాకా అక్కడే."

"కాదండీ." ముక్కుకి గుడ్డ కట్టుకున్న గొంతు, పత్తిలో పూడిపోయి సన్నగా వచ్చింది. "వేడి నాదేనండీ. ఉన్నిలో గాలి చిక్కుకుని ఉంటుంది. అది నా వేడిని బయటికి పోనివ్వదు. ఇక్కడ నడుం దాకా పత్తిలో ఉన్నాను. పైన చల్లగాలి తగులుతోంది, కింద కాళ్ళు ఉడికిపోతున్నాయి."

"అదే గొంగళి ఐసుముక్కకి చుడితే?"

"తొందరగా కరగదండీ. బయటి వేడిని లోపలికి రానివ్వదుగా. గొంగళికి సొంత వేడీ లేదు, చలీ లేదు. మధ్యలో అడ్డం నిలబడుతుంది, అంతే."

మాస్టారు పేపర్లు సంచీలో పెట్టేశాడు.

"ఈ ముక్కే మా అమ్మాయికి తెల్లారుజామున లేపి నెల్లాళ్ళుగా చెబుతున్నా దానయ్యా. పుస్తకం గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతుంది. ఎందుకు అన్నానా, నేలచూపులు చూస్తుంది. దాని పేపరు నేను దిద్దకూడదని వేరే మాస్టారికిచ్చా. ఎన్నొచ్చాయో అడగాలంటే భయంగా ఉంది."

"అయితే మా పిల్లది కాపీ కాదాండీ?"

"కాదు. ఇద్దరూ పరీక్ష రాస్తారు."

దానయ్య తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. పున్నమ్మ పొయ్యి మీంచి అన్నం దించింది.

"మా ఇంట్లో మీరు తినరు. మజ్జిగన్నా పుచ్చుకోండి మాస్టారూ."

"మంచినీళ్ళు కూడా వద్దమ్మా. ఏమనుకోకు, మా ఆచారం అంతే. ముందు జయకుమారిని పైకి రానీ. ఆకలేస్తూ ఉంటుంది." ఆయనే బల్ల ఎక్కి బోరెంలోకి చెయ్యి చాపాడు. "రామ్మా."

ఏ చెయ్యీ రాలేదు.

"నమస్కారం సార్" అని వెనకనుంచి వినిపించింది. నెత్తిన పత్తిమూటతో జయకుమారి, చేలోంచి అప్పుడే వచ్చి నిలబడి ఉంది.

మాస్టారు ఆ పిల్లని చూశాడు. బోరెంలోకి చూశాడు. ఒక చెయ్యి నెమ్మదిగా పైకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. దాని వెనకే జుట్టంతా దూదితో, ముక్కు మీంచి గుడ్డ జారిపోయి, ఆయన కూతురు దుర్గాంబ.

"జవాబు సరిపోయిందా నాన్నగారూ?"

ఆయన కూతుర్ని పైకి లాగాడు.

పున్నమ్మ వసారాలో కంచాలు పెట్టి, అన్నం, పండుమిరప పచ్చడి వడ్డించింది. ఆడపిల్లలు ముగ్గురూ వెళ్ళి, రోజూ కూర్చునేవాళ్ళలాగా ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. దుర్గాంబ అన్నంలో చెయ్యి పెట్టి, తండ్రి వంక చూసి ఆగింది.

జానకిరామయ్య తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి, కూతురి పక్కన కూర్చుని, ఒక కంచం తన ముందుకి జరుపుకున్నాడు. అందరూ కలిసి తిన్నారు.