తేళ్ళ బొరియకు మూత

చిన్న కథే, రెండు ముక్కల్లో అయిపోతుంది. ఎలుగు రాజుగారికి ఈమధ్య తేనె అరగడం లేదట, అది వేరే సంగతి.

శత్రువులు విషం ప్రయోగిస్తే విరుగుడు ఉండాలని రాజుగారు ఒక బొరియలో తేళ్ళను పెట్టించి, ఆకుమందులు పరీక్షించే పని ముంగిస చిట్టెమ్మకు అప్పగించారు. బొరియకు మూత లేదు. పక్కనే కుందేలు పిల్లలు ఆడుకుంటున్నాయి. చిట్టెమ్మకు కంటిమీద కునుకు లేదు.

"ఒక్క రాతిమూత ఇప్పించండి బాబూ," అని మంత్రి కొండముచ్చును అడిగింది.

"ఇప్పటిదాకా ఎవరినైనా కుట్టాయా?"

"ఇంకా లేదండి."

"కుట్టాక చూద్దాంలే. ముందు తనిఖీ బృందాన్ని పంపిస్తాను."

మూత అడిగినప్పుడల్లా బృందమే వచ్చింది. విందు ఆరగించి, కర్రలతో తేళ్ళను కెలికి, బాగున్నాయని రాసుకుని వెళ్ళింది.

ఏడో బృందం వెళ్ళాక తేళ్ళే లోపలినుంచి మట్టితో బొరియ పూడ్చుకున్నాయి.