కత్తి మీది ముద్ర

“ఇది ఒరిజినలా, డూప్లికేటా? ఆ ఒక్క మాట చెప్పన్నా, చాలు.”

యమున కొంగుముడి విప్పి ఒక మడతకత్తిని గల్లాపెట్టె పక్కన పెట్టింది. మదనపల్లెలో ఉమాశంకర్‌ది స్టీలు సామాన్ల అంగడి. కానీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఆయన పాత జేబుకత్తులు పోగుచేసే మనిషిగానే ఎక్కువ తెలుసు.

“యాల అడగతాండావమ్మా?”

“అది మళ్లీ చెప్తా. ముందు నువ్వు సూడు.”

ఉమాశంకర్ భూతద్దం తీశాడు. దుప్పికొమ్ము పిడి. పిడిలోకి మడిచే రెండు అలుగులు. పెద్ద అలుగు మొదట్లో, పిడిని ఆనుకుని, చేసినవాళ్ల ముద్ర. దాని కింద షెఫీల్డ్ అని, ఇంగ్లండులో కత్తులకు పేరుపడ్డ ఊరి పేరు. దేశం పేరు మాత్రం లేదు. ఆ పేరు కొట్టడం తర్వాత వచ్చిన అలవాటు. అంటే కత్తి వయసు నూరేళ్లు దాటింది. కొలిమి దగ్గర ఒకడు, ఆకురాయి దగ్గర ఒకడు, సాన దగ్గర ఒకడు కూర్చుని చేత్తో చేసిన కాలం నాటిది. అలుగు మూశాడు. టక్కుమంది. ఆ శబ్దం అంత తేటగా రావడానికి పనివాడు స్ప్రింగును ఎన్నిసార్లు విప్పి బిగించి ఉంటాడో ఉమాశంకర్‌కు తెలుసు.

పన్నెండేళ్లుగా పుస్తకాల్లో బొమ్మగా మాత్రమే చూసిన కత్తి అది. అసలుదని చెబితే ఇక చేతికి రాదు.

“డూప్లికేటమ్మా,” అన్నాడు, కత్తి మీంచి కళ్లు తిప్పకుండా. “ముద్ర గూడా దొంగముద్రే. సంతల్లో అమ్మే రకం.”

యమున కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఆ మాట రాసియ్యన్నా,” అంది.

అంగడి పేరున్న కాగితం మీద రాసి, సంతకం చేసి, స్టాంపు కూడా వేసి ఇచ్చాడు. ఆమె కాగితాన్నీ, కత్తినీ కొంగులో ముడేసుకుంటుంటే ఆగలేకపోయాడు.

“డూప్లికేటైనా పాతదే గదా. నాకిస్తావా?”

“రేపు మా ఊరికి రా అన్నా. ఈ మాటే మా నాయన ముందర చెప్పు. కత్తి ఊరికే తీసకపో.”

మర్నాడు పొద్దున్నే ఉమాశంకర్ బయలుదేరాడు. పుంగనూరు దాటి పెద్దపంజాణి రోడ్డులో కొంత దూరం పోయాక, టమోటా తోటల నడుమ ఆ పల్లె. వసారాలో నులకమంచం మీద యమున తండ్రి కృష్ణప్ప పడుకుని ఉన్నాడు. ఎముకలు తప్ప మనిషి లేడు. మంచం చుట్టూ ఊరి పెద్దలు పదిమంది. వాళ్ల మధ్య కుర్చీలో తెల్లచొక్కా ముసలాయన ఒకడు, చేతిలో నిన్నటి కాగితం పట్టుకుని.

“నరసింహులు చిన్నాయన. మా నాయనకు వరసకు తమ్ముడు. కుప్పం నుంచి వచ్చినాడు,” అంది యమున.

“ఇది రాసింది మీరేనా సార్?” అన్నాడు నరసింహులు.

“నేనే. ఏం?”

“కోలారు గనుల్లో మా తాతకు దొర ఇచ్చిన కత్తి ఒకటి మా ఇంట్లో ఉండె. చేన్లో పనిచేస్తా ఉంటే పోయింది. నెల తిరక్కముందే అట్లాంటిదే కృష్ణప్పన్న చేతిలో కనపడింది. సంతలో కొన్నానన్నాడు. నేను నమ్మలా. మాది ఒరిజినల్. ఈయనది డూప్లికేటని తెలిసినోళ్లెవురైనా చెప్తే, ఊరి ముందర తప్పు ఒప్పుకుంటానంటి.”

ఉమాశంకర్ యమున వైపు చూశాడు. ఆమె ముఖంలో ఏదో పండగ.

నరసింహులు మంచం మీదున్న కత్తి అందుకుని ముందుకు చాచాడు. “ఇంకోసారి సూడండి సార్. బాగా సూసి చెప్పండి.”

ఉమాశంకర్‌కు భూతద్దం అక్కరలేదు. నిజం చెబితే మంచంలో ఉన్న మనిషి దొంగగా పోతాడు. కాగితం రాసిన తను అబద్ధాలకోరుగా మిగులుతాడు. పైగా కత్తి ఇంకొకరి జేబులోకి పోతుంది. ఈ మూడింటిలో ఏది తన నోరు నొక్కిందో ఆయనకే తెలియలేదు.

“సూసేదేముండాది? డూప్లికేటే.”

నరసింహులు కుర్చీలోంచి మెల్లగా లేచాడు. కత్తిని మంచం మీద పెట్టి, వంగి కృష్ణప్ప కాళ్లు పట్టుకున్నాడు.

“ముప్పై ఎనిమిదేండ్లు నిన్ను దొంగ అంటి అన్నా. నీ బిడ్డ పెండ్లికి రాలా. గంగులమ్మ వదిన పోతే మట్టి ఎయ్యను గూడా రాలా. నన్ను మన్నించు.”

పెద్దలు తలలు దించుకున్నారు. యమున గోడకానుకుని ఏడ్చింది. కృష్ణప్ప మాత్రం ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు. చెయ్యి ఎత్తి, అందరినీ బయటికి పొమ్మని సైగ చేశాడు.

“ఆయన్నొక్కణ్ణి... ఉండనీండి.”

వసారా ఖాళీ అయింది. మంచం మీద పడి ఉన్న కత్తిని కృష్ణప్ప తడిమి తీసుకుని, ఉమాశంకర్ అరచేతిలో పెట్టాడు. చల్లని వేళ్లతో ఆ పిడికిలి మూశాడు.

“తీసకపో,” అన్నాడు. ఊపిరి కూడదీసుకున్నాడు. “ఇది నరసింహులుదే. ఇన్నేండ్లు నా నోటికి రాని నిజం నీ నోటన్నా వస్తాదని, నా బిడ్డను నీకాడికి నేనే పంపితినప్పా.”