మెయిన్ ఆఫ్ చేసినావా

యలహంకలో ఇంకా ఎవరూ చేరని కొత్త ఫ్లాటు. వంటింటి కప్‌బోర్డుల కింద ఎల్ఈడీ స్ట్రిప్పు అతికించాక, ఓబులేసు ఆ రాత్రి ఒక్కడే హాల్లోకి వెళ్లి మెయిన్ స్విచ్చు ఆపి వచ్చాడు. ఫోను వెలుతురులో వైరు చివరలు ఒలిచి, అలవాటుకొద్దీ కేకేశాడు.

“మెయిన్ ఆఫ్ చేసినావా, చెన్నప్పా?”

వెంటనే నాలుక కరుచుకున్నాడు. తనతో పనిచేసే చెన్నప్ప కరెంటు షాక్ కొట్టి పోయి ఏడాదయింది. ఆ రోజు వైరు పట్టుకున్నది చెన్నప్ప, మెయిన్ దగ్గరున్నది ఓబులేసు. ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ, స్విచ్చు మీద చెయ్యైనా వెయ్యకుండా, “చేసినాలేప్పా, పట్టుకో” అన్నాడు. పోలీసులకు మాత్రం ఆపే ఉంచానని చెప్పాడు.

చీకటి హాల్లోంచి, అచ్చం ఓబులేసు గొంతుతోనే, జవాబొచ్చింది.

“చేసినాలేప్పా, పట్టుకో.”

ఇంకా కలపని వైర్లు చేతిలో ఉండగానే, కప్‌బోర్డుల కింద స్ట్రిప్పు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా వెలిగింది.